బిడ్ చేతికి వచ్చింది, సంతకం చేయనా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. విజయవాడలో ఇంటర్ చదివి, నిరుడు ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలో చేరాను. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నాను. మొదటి ఏడాదంతా గది, క్లాసు, లైబ్రరీ తప్ప నాకు వేరే లోకం లేదు. ఎంఎస్‌కు వచ్చిన మనవాళ్లు చాలామంది ఉన్నారు గానీ వాళ్లు నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లు, వాళ్ల హడావుడి వాళ్లది. శుక్రవారం సాయంత్రాలు డైనింగ్ హాల్లో ఒక్కడినే కూర్చుని తినడం అలవాటైపోయింది. ఈ సెమిస్టర్‌లో దక్షిణాసియా కుర్రాళ్ల ఫ్రటర్నిటీ (మగపిల్లల విద్యార్థి సంఘం) ఒకటి రష్ పేరుతో కొత్తవాళ్లకు పరిచయ సమావేశాలు పెడితే వెళ్లాను. అందులో ఒకరి అమ్మానాన్నలది నెల్లూరు. నన్ను ఇంటికి పిలిచి భోజనం పెట్టాడు, జ్వరం వస్తే మందులు తెచ్చి ఇచ్చాడు. వారం తిరక్కుండానే బిడ్, అంటే సంఘంలో చేరమన్న పిలుపు, ఇచ్చారు. వచ్చే శుక్రవారంలోగా అవునో కాదో చెప్పాలట. ఒప్పుకుంటే ఎనిమిది వారాలు ప్లెడ్జ్‌గా, అంటే ఇంకా పూర్తి సభ్యత్వం రాని కొత్తవాడిగా ఉండాలి, వారానికి మూడు నాలుగు రాత్రులు రావాలి, అక్కడ జరిగేది రూమ్మేట్‌కు కూడా చెప్పకూడదు అన్నారు. ఏం జరుగుతుందని అడిగితే ‘అందరం దాటి వచ్చినవాళ్లమే, నమ్ము’ అన్నారు. సెమిస్టర్‌కు 450 డాలర్లు కట్టాలి. ఉద్యోగాలకు పాత సభ్యులు సాయపడతారట. నాన్నకు చెబితే ‘అప్పు చేసి పంపింది ఇందుకా’ అంటారు. చెప్పకుండా చేరడానికి మనసొప్పడం లేదు. చేరమంటారా, వద్దంటారా? నాన్నకు ఎలా చెప్పాలి?

సమాధానం: గడువు దగ్గర పడింది కాబట్టి నీ ఉత్తరాన్ని వరుసలో ముందుకు తెచ్చి జవాబు రాస్తున్నాను. అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఇది: ఈ శుక్రవారం సంతకం చేయవద్దు. ఫ్రటర్నిటీలన్నీ చెడ్డవని నేను అనడం లేదు, నిన్ను ఇంటికి పిలిచి అన్నం పెట్టిన ఆ నెల్లూరు అబ్బాయి మంచితనాన్ని శంకించడమూ లేదు. కానీ ఏం జరుగుతుందో చెప్పకుండా, జరిగినది ఎవరికీ చెప్పనని ముందే మాట తీసుకునే చోట ఎవరూ సంతకం చేయకూడదు. ఆ ఒక్క షరతు విషయం తేలేదాకా మిగతా మంచి చెడ్డలన్నీ పక్కన పెట్టవలసిందే.

నీ ఉత్తరంలో నా మనసును పట్టుకున్నది బిడ్ సంగతి కాదు, డైనింగ్ హాల్ సంగతి. పద్దెనిమిదేళ్లు అమ్మ పిలిస్తే తప్ప అన్నానికి లేవని పిల్లవాడు ఏడాదిపాటు ప్లేటు ముందు పెట్టుకుని, ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంటే, ఫోను చూస్తూ తిన్నాడంటే అది చిన్న కష్టం కాదు. ఎంఎస్‌కు వచ్చేవాళ్లు నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుని, వంతులవారీగా వండుకుంటూ ఒకరికొకరు తోడుగా ఉంటారు. డిగ్రీకి ఒంటరిగా వచ్చిన నీలాంటి వాడికి ఆ వసతి లేదు. అమెరికాలో పుట్టిన మన పిల్లలు నిన్ను కొత్తగా వచ్చినవాడిగా చూస్తారు, ఎంఎస్ వాళ్లు చిన్నపిల్లవాడిగా చూస్తారు. ఈ మధ్యలో ఎవరో ఒకరు ‘మావాడివి’ అంటే గుండె అటు మొగ్గడం తప్పు కాదు, అందుకు సిగ్గుపడవలసినదీ లేదు. అయితే ఆకలితో ఉన్నవాడు ధర చూసుకోడు. ఇప్పుడు నీకు కావలసింది ఆ ధరను నిదానంగా చూడగలిగిన వ్యవధి.

అసలు ఈ సంఘాలు ఏమిటో, ఎందుకు పుట్టాయో నీకు ఎవరూ చెప్పి ఉండరు. గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకున్న విద్యార్థి సంఘాల్లో మొదటిది ఫై బీటా కప్పా. 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో చర్చల కోసం పుట్టి, తరువాత చదువులో ప్రతిభ చూపినవారిని గౌరవించే సంస్థగా మారింది. మనం ఇప్పుడు ఫ్రటర్నిటీ అంటున్న పద్ధతి న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో 1825 నుంచి రూపు కట్టింది. కాలేజీ పెట్టే కట్టుదిట్టాల నడుమ కుర్రాళ్లు తమకంటూ ఒక చోటు కోరుకున్నారు, అది సహజమే. కానీ ఆ చోటులోకి ఎవరిని రానివ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలా సంఘాలు నల్లజాతి వారికీ, యూదులకూ తలుపులు మూసేశాయి. అది కేవలం అలవాటుగా ఉండిపోలేదు, కొన్నిటి నియమావళిలోనే రాసి ఉండేది. 1948లో ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఫై కప్పా సై సంఘం చాప్టర్ (స్థానిక శాఖ) ఒక నల్లజాతి విద్యార్థిని చేర్చుకున్నందుకు జాతీయ సంఘం ఆ చాప్టర్‌నే వెలివేసింది.

అలా బయట నిలబెట్టబడినవారు తమ ఇళ్లు తామే కట్టుకున్నారు. 1906లో కార్నెల్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా స్థాపించారు. మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ అందులో సభ్యుడు. మనవాళ్ల వంతు 1990లలో వచ్చింది: 1994లో బింగ్‌హామ్‌టన్‌లో అయోటా న్యూ డెల్టా, 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సిగ్మా బీటా రో, 1998లో మీ టెక్సాస్‌లోనే ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, 1999లో లాస్ ఏంజెలెస్‌లో బీటా కై థీటా. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతో పెరిగి, రెండు చోట్లా సగం సగమే అనిపించుకున్న పిల్లలు పెట్టుకున్న సంఘాలు ఇవి. ఈ చరిత్ర మీద నాకు గౌరవం ఉంది. అందుకే నీకు వచ్చిన పిలుపును నేను తేలికగా తీసుకోవడం లేదు.

ఇక ‘అందరం దాటి వచ్చినవాళ్లమే’ అన్న మాట దగ్గరికి వస్తాను. ఆ మాట నాకు బాగా తెలుసు. 1980లలో ఆంధ్రలో ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో, హాస్టల్‌లో మొదటి నెలంతా సీనియర్లు మమ్మల్ని అర్ధరాత్రి లేపి వరండాలో నిలబెట్టి, ఇంట్లో వాళ్ల గురించి నోటితో అనలేని మాటలు మా చేతనే అనిపించేవారు. వార్డెన్‌కు చెబితే ఏడాదంతా ఎవరూ పలకరించరని చెప్పి ఉంచేవారు. నేను చెప్పలేదు. నెల తరువాత అదే సీనియర్లు నోట్సు ఇచ్చారు, పండక్కి ఊరికి వెళ్తుంటే బస్టాండు దాకా వచ్చారు, నేనూ వాళ్లను అక్కా అక్కా అని తిరిగాను. మరుసటి ఏడు కొత్తగా వచ్చిన ఒక అమ్మాయిని అదే వరండాలో నిలబెట్టినప్పుడు, ఆమె ఏడుస్తుంటే, నా నోటి నుంచి వచ్చిన మాట ‘మేమూ దాటి వచ్చినవాళ్లమే’ అన్నదే. ఆ అమ్మాయి వారం తిరక్కుండా హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయింది. నలభై ఏళ్లు గడిచినా ఆ ముఖం నాకు గుర్తుంది. తాము పడ్డ అవమానానికి ఏదో అర్థం ఉందని నమ్మాలంటే, దాన్ని ఇంకొకరికి అందించడం తప్ప వేరే దారి కనిపించదు. మంచివాళ్లు కూడా ఇందులో భాగమయ్యేది అలాగే. నీ నెల్లూరు స్నేహితుడు నిజంగా మంచివాడే అయి ఉండవచ్చు, అయినా ఆ ఎనిమిది వారాల్లో ఏ రాత్రో నీ ముందు వేరే మనిషిగా నిలబడవచ్చు.

మన దగ్గర దీన్ని ర్యాగింగ్ అన్నాం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో దాని మీద ప్రత్యేకంగా చట్టం తెచ్చుకున్నాం. అమెరికాలో దీని పేరు హేజింగ్. రెండింటికీ ఒక తేడా ఉంది. మన సీనియర్లు అడగకుండానే మీద పడతారు, అక్కడ నువ్వే కోరి వచ్చావన్న కాగితం ముందు తీసుకుంటారు. ఆ కాగితం వల్ల బాధితుడే తప్పు చేసినట్టు కుంచించుకుపోతాడు. కానీ టెక్సాస్ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది: హేజింగ్‌కు గురైనవాడు తానే ఒప్పుకున్నాడన్న వాదన అక్కడ చెల్లదు. అంతే కాదు, హేజింగ్ జరుగుతున్నదని నేరుగా తెలిసీ యూనివర్సిటీకి గానీ పోలీసులకు గానీ చెప్పకపోవడం కూడా నేరమే. అంటే వాళ్లు నిన్ను అడుగుతున్న మౌనం, లోపల ఏదైనా జరిగితే, నిన్నే నేరస్థుడిని చేయగల మౌనం.

పెన్సిల్వేనియాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ సంగతి నువ్వు విని ఉంటావు. 2017 ఫిబ్రవరి 2 రాత్రి బీటా థీటా పై అనే ఫ్రటర్నిటీ ఇంట్లో కొత్తగా బిడ్ అందుకున్న తిమొతీ పియాజ్జా అనే పందొమ్మిదేళ్ల విద్యార్థి చేత వరసగా మద్యం తాగించారు. మెట్ల మీంచి పడి తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పితే దాదాపు పన్నెండు గంటల పాటు ఎవరూ అంబులెన్సును పిలవలేదు. అతను ఫిబ్రవరి 4న చనిపోయాడు. నేను నీకు చూపదలచుకున్నది ఏమిటంటే, ఆ ఇల్లు కాగితం మీద మద్యం నిషేధించిన ఇల్లు. లోపల కెమెరాలు కూడా ఉన్నాయి. ‘మా దగ్గర అలాంటివి లేవు, రూల్సు ఉన్నాయి’ అన్న మాట వినగానే నిశ్చింతగా ఉండలేమని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాను. పెన్సిల్వేనియా 2018లో అతని పేరు మీదనే హేజింగ్ వ్యతిరేక చట్టం చేసింది.

‘ఇది మనవాళ్లది కదా, తెల్లవాళ్ల ఇళ్లలాంటిది కాదు’ అని నీ మనసులో ఉంటే, 2013 డిసెంబరులో జరిగినది కూడా తెలుసుకో. న్యూయార్క్‌లోని బరూక్ కాలేజీ మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడిని పై డెల్టా సై అనే ఆసియా అమెరికన్ ఫ్రటర్నిటీ వాళ్లు పెన్సిల్వేనియాలోని పోకోనో కొండల్లో అద్దెకు తీసుకున్న ఇంటికి తీసుకువెళ్లారు. కళ్లకు గంతలు కట్టి, వీపున బరువు వేసి, చలికి గట్టిపడిన నేల మీద నడిపిస్తూ ఒకరి తరువాత ఒకరు వచ్చి పడదోశారు. ఆసియా సంతతి వారు అమెరికాలో పడ్డ కష్టాలను అతను స్వయంగా అనుభవించి తెలుసుకోవాలన్నది ఆ తంతుకు వాళ్లు చెప్పుకున్న అర్థం. స్పృహ తప్పిన తరువాత వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లలేదు. ఆ పిల్లవాడు బతకలేదు. 2018లో కోర్టు ఆ సంఘాన్ని పెన్సిల్వేనియాలో పదేళ్ల పాటు నిషేధించింది. తమవాడు అనుకున్నవాడినే, తమవారి చరిత్ర పేరు చెప్పి, తమవాళ్లే చంపుకున్న ఘటన అది. రంగు, భాష, ఊరు కలిసినంత మాత్రాన రక్షణ దొరకదు.

ఇలా రాస్తే ప్రతి ఫ్రటర్నిటీలోనూ ప్రాణాపాయమే ఉంటుందని నువ్వు అనుకోకూడదు. లక్షలమంది చేరతారు, చాలామంది క్షేమంగా బయటికి వచ్చి, పెళ్లిళ్లకు పిలుచుకుంటూ, కష్టాల్లో ఆదుకుంటూ జీవితాంతం స్నేహం నిలుపుకుంటారు. నాకు తెలిసిన ఒక తెలుగు కుర్రవాడు తండ్రి హఠాత్తుగా పోతే విమానం టికెట్టు కొనుక్కోలేని స్థితిలో ఉంటే, అతని చాప్టర్ వాళ్లు గంటలో డబ్బు పోగు చేసి విమానం ఎక్కించారు. అలాంటి చాప్టర్లకూ నువ్వు భయపడవలసిన చాప్టర్లకూ తేడా బయటి నుంచి కనిపించదు. ఒకే సంఘం పేరు మీద ఒక ఊళ్లో మంచి చాప్టర్ ఉంటుంది, ఇంకో ఊళ్లో మూసేయించిన చాప్టర్ ఉంటుంది. కనుక సంఘం పేరును కాదు, నీ యూనివర్సిటీలో ఉన్న ఆ ముప్ఫై నలభై మందిని చూడాలి.

నీ పరిస్థితిలో మరొక చిక్కు ఉంది, దీన్ని ఆ స్నేహితులు ఊహించలేరు, వాళ్లు అక్కడి పౌరులు. అమెరికాలో 21 ఏళ్లు నిండితే తప్ప మద్యం తాగకూడదు. టెక్సాస్‌లో మైనర్, అంటే ఈ విషయంలో 21 నిండనివాడు, తాగి పట్టుబడితే అది చిన్న నేరమే, 500 డాలర్ల దాకా జరిమానా, కొన్ని గంటల సమాజ సేవ, కొన్నాళ్లు లైసెన్సు సస్పెన్షన్. అమెరికా పౌరుడికి అది అంతటితో పోతుంది. నీకు అలా పోదు. వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యావా అని అడుగుతారు, కేసు కొట్టేసినా సరే అవునని రాయవలసిందే. తాగి కారు నడిపి అరెస్టయితే వీసానే రద్దు చేయగలరు. 2025 వసంతంలో పాత చిన్న కేసులు కారణంగా కూడా ఎందరో విదేశీ విద్యార్థులు అక్కడ ఉండి చదువుకునేందుకు ఆధారమైన రికార్డులను ప్రభుత్వం ఒక్కసారిగా రద్దు చేసి, కోర్టులు తప్పుపట్టాక వెనక్కి తగ్గింది. ఒక ఇంట్లో పోలీసులు వచ్చినప్పుడు నువ్వు గ్లాసు పట్టుకోకుండా మూల నిలబడి ఉన్నా, మిగతావాళ్లకు అది ఒక రాత్రి గొడవ అయితే నీకు చదువే ప్రశ్న కావచ్చు.

డబ్బు సంగతి ఎక్కువగా చెప్పను. 450 డాలర్లు పైకి కనిపించే మొత్తం మాత్రమే. టీషర్టులు, ప్రయాణాలు, విందులు, కొత్త సభ్యుల రుసుము విడిగా ఉంటాయి, ఏడాది మొత్తం లెక్క రాసి ఇమ్మని అడుగు. నీకు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేసే వీలు లేదు కాబట్టి ఆ లోటు మీ నాన్నగారి మీదే పడుతుంది.

ఉద్యోగాల మాటలో మాత్రం నిజం ఉంది, దాన్ని దాచిపెట్టి నీకు సలహా చెప్పడం న్యాయం కాదు. ఫ్రటర్నిటీలు రూపు కట్టిన ఆ యూనియన్ కాలేజీలోనే పనిచేసే ఆర్థిక శాస్త్రజ్ఞులు ఈశాన్య రాష్ట్రాల్లోని ఒక కాలేజీ పూర్వ విద్యార్థులను పరిశీలించారు. ఫ్రటర్నిటీలో చేరడం వల్ల మగపిల్లల జీపీఏ (మార్కుల సగటు) పావు పాయింటు దాకా తగ్గినా, తరువాతి ఆదాయం 36 శాతం దాకా పెరిగిందని లెక్క కట్టారు. అది ఒక్క కాలేజీ సంగతి, అందులోనూ అక్కడే పుట్టి, అక్కడే పరిచయాలున్న కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉండే చోటు సంగతి. నీ విషయంలో డిగ్రీ కాగానే 12 నెలల ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసేందుకు ఇచ్చే అనుమతి), ఆపైన 24 నెలల పొడిగింపు, ఆ తరువాత ఉద్యోగ వీసా లాటరీ ఉన్నాయి. పాత సభ్యుడు నీ రెజ్యూమెను మేనేజరుకు చేర్చగలడు, కానీ లాటరీని మార్చలేడు. పైగా నీ చదువులో ఆ పావు పాయింటు ఇంటర్న్‌షిప్ వడపోతలోనే అడ్డు పడవచ్చు. వారానికి నాలుగు రాత్రులు చొప్పున ఎనిమిది వారాలంటే సరిగ్గా మిడ్‌టర్మ్‌ల మీదుగా పోతుంది, డేటా స్ట్రక్చర్స్ లాంటి కోర్సు ఆ సమయంలో జారిపోతే మళ్లీ అందుకోవడం కష్టం.

ఇప్పుడు ఈ వారంలో నువ్వు చేయవలసిన పని. మీ యూనివర్సిటీలో ఫ్రటర్నిటీలను చూసే ఆఫీసు ఉంటుంది. అక్కడికి వెళ్లి ఈ చాప్టర్‌కు గుర్తింపు ఉందా, లేదా పాత శిక్షల వల్ల గుర్తింపు పోయి చాటుగా నడుస్తున్నదా అని అడుగు. హేజింగ్‌కు శిక్ష పడిన సంఘాల జాబితాను టెక్సాస్ యూనివర్సిటీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలని 2019లో చట్టం వచ్చింది, 2024 డిసెంబరు 23న దేశమంతటికీ వర్తించే చట్టం మీద అధ్యక్షుడు బైడెన్ సంతకం చేశాక ఈ బాధ్యత అన్ని చోట్లా వచ్చింది. ఆ జాబితాను నువ్వే తెరిచి, పైపైన కాకుండా, ఒక్కొక్క కేసులో ఏం చేశారో చదువు. రెండు మూడేళ్ల కిందటి కేసు ఉందంటే అప్పటి ప్లెడ్జ్‌లే ఇప్పటి సీనియర్లన్న సంగతి మరిచిపోకు.

తరువాత నీ నెల్లూరు స్నేహితుడిని కాఫీకి పిలిచి, తెలుగులోనే, నిదానంగా మాట్లాడు. ‘అన్నా, నా వీసా సంగతి నీకు తెలుసు. ఏ రాత్రి ఏం చేయిస్తారో నాకు ముందే చెప్పాలి, తాగనంటే తాగించకూడదు, పరీక్ష ఉంటే రానని చెప్పగలగాలి, మధ్యలో వద్దనిపిస్తే వెళ్లిపోగలగాలి, ఇక్కడ జరిగినది నేను మా నాన్నకు చెప్పగలగాలి’ అని అడుగు. అతను ఎలా జవాబిస్తాడో చూడు. నిజమైన రహస్యాలు ఉంటాయి, ఒక మంత్రం, ఒక చేతి గుర్తు, ఒక ప్రమాణం, వాటిని ఎవరూ చెప్పరు, చెప్పనక్కరలేదు. కానీ నీ శరీరానికీ, నీ నిద్రకూ, నీ ఫోనుకూ, నీ పరువుకూ సంబంధించినది ఏదీ రహస్యం కాజాలదు. అతను ఈ తేడాను ఒప్పుకుని అన్నీ వివరంగా చెప్పి, మధ్యలో వదిలిపోయినవాళ్లలో ఒకరిద్దరితో నిన్ను మాట్లాడనిస్తే, నేను నా మాట మార్చుకుని వచ్చే సెమిస్టర్‌లో చేరమనే చెబుతాను. ‘నమ్మకం లేకపోతే ఎలా’ అని ముఖం తిప్పుకుంటే, నీకు జవాబు దొరికినట్టే. ఈ శుక్రవారం దాటితే మళ్లీ అవకాశం రాదని బెదిరిస్తే అది కూడా జవాబే, ఎందుకంటే చాలా చాప్టర్లు జనవరిలో మళ్లీ రష్ పెడతాయి.

ఎటు తేలినా నీ డైనింగ్ హాల్ కుర్చీ ఖాళీగా ఉండిపోకూడదు. ఇంజనీరింగ్ విద్యార్థులకు 1904లో మిన్నెసోటాలో పుట్టిన థీటా టావ్, సేవ కోసం 1925లో లఫాయెట్ కాలేజీలో పుట్టిన ఆల్ఫా ఫై ఒమేగా లాంటివి ఉన్నాయి, అందులో అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ ఉంటారు. వీటినీ ఇదే ప్రశ్నలతో పరీక్షించు, పేరు చూసి మోసపోకు. వాటితో పాటు మీ డిపార్ట్‌మెంటు ప్రోగ్రామింగ్ క్లబ్బు, ఆదివారం క్రికెట్ ఆడే గుంపు, సంక్రాంతికి భోజనాలు పెట్టే తెలుగు విద్యార్థి సంఘం కూడా చూడు. ఆ ఎంఎస్ వాళ్లను నువ్వే ఒక శనివారం పలకరించు. పెద్దవాళ్లు తమంతట తాము పిలవకపోవచ్చు గానీ, కూరగాయలు తరగడానికి వస్తానన్న తెనాలి కుర్రవాడిని వద్దనే తెలుగువాళ్లు ఎవరూ ఉండరు.

ఇక నాన్నగారి విషయం. ఆయనకు ఫోన్ చేసి చేరతానని గానీ చేరనని గానీ చెప్పవద్దు, ముందు నువ్వు ఒంటరిగా ఉన్నావని చెప్పు. ఏడాదిగా ‘బాగున్నా నాన్నా’ అని మాత్రమే విన్న మనిషికి ఒక్కసారిగా గ్రీకు పేరున్న సంఘం, 450 డాలర్లు అంటే అప్పు గుర్తుకు రావడం సహజం. శుక్రవారాలు ఎలా గడుస్తున్నాయో, జ్వరం వచ్చినప్పుడు మందులు ఎవరు తెచ్చారో, ఆ మనుషులు ఇప్పుడు ఏమి అడుగుతున్నారో, నువ్వు వాళ్లను ఏమి అడగబోతున్నావో వరుసగా చెప్పు. కోప్పడితే కోప్పడనివ్వు, మధ్యలో ఫోన్ పెట్టేయకు. చివర్లో ఒక మాట తీసుకో: ఏ రాత్రి అయినా, ఎంత తప్పు చేసి ఉన్నా, తాను ఫోన్ తీస్తానని, ముందు సాయం చేసి తరువాతే తిడతానని. ఆ మాట నీకు ఎక్కడో ఒక రోజు అక్కరకు వస్తుంది, నీకోసం కాకపోయినా పక్కవాడి కోసం. అలాంటి రాత్రి వస్తే, ఎవరైనా లేపినా లేవకపోతే, ఎవరి అనుమతీ అడగకుండా ముందు 911కు ఫోన్ చేసి అంబులెన్సు వచ్చేదాకా అక్కడే ఉండు. మద్యం విషయంలో అలా ముందుగా పిలిచి, అక్కడే నిలిచి, సహకరించిన మైనర్‌ను కేసు నుంచి కాపాడే చట్టం టెక్సాస్‌లో 2011 నుంచి ఉంది. ఈ సంగతి నాన్నగారికీ చెప్పి ఉంచు.